పడుకోబెట్టిన రాయి

అంటార్కిటికా నుంచి తిరిగొచ్చాక నాగరాజు నా కొట్టులో కొన్న మొదటి వస్తువు తాడు. ట్రాక్టర్ లాగినా తెగని తాడు కావాలన్నాడు. మామూలుగా అయితే నాలుగు ప్రశ్నలు వేయకుండా నేను సూది కూడా అమ్మను. అన్నపూర్ణ నోటికి జడిసి కోంటా బజారులో కుక్కలు కూడా పక్క సందులోంచి పోతాయని మా ఆయన రామనర్సయ్య వెక్కిరిస్తుంటాడు. ఆ రోజు మాత్రం ఏమీ అడగకుండా తాడు కొలిచి ఇచ్చాను. అది వాళ్ళమ్మ రాయి కోసమని నాకు తెలుసు.

ఇటువైపు బస్తర్ అడవుల్లో, దోర్ల ఆదివాసీల ఇళ్ళల్లో మనిషి పోతే రాయి నిలబెడతారు. మనిషి ఎత్తు బండను తెచ్చి, గొయ్యి తీసి, కొడుకు తన చేతుల మీదుగా పాతుతాడు. రాయి నిలబడితేనే పోయినవాళ్ళు ఒకచోట కుదురుగా కూర్చుంటారని, లేకపోతే ఆకలితో ఇంటి చుట్టూ తిరుగుతారని నమ్మకం. ఇంకో సంగతి కూడా ఉంది. ఎవరి రాయి నిలబడితే ఆ నేల వాళ్ళ మనుషులది. పట్వారీ కాగితం ఏం చెప్పినా, ఈ అడవిలో రాయి మాటే చెల్లుతుంది. తగువంతా అక్కడే వచ్చింది.

నాగరాజు వాళ్ళమ్మ మంగి చాలా ఏళ్ళు మా షెడ్డులో చింతపండు గింజ తీసింది. వాళ్ళ సొంతూరు రేగడిపాడు, గొల్లపల్లి దాటాక బండి దిగి అడవిలో నడవాలి. నక్సలైట్ల గొడవల కాలంలో ఊరు కాలిపోతే పిల్లాణ్ణి చేత్తో పట్టుకుని గోదావరి వైపు నడిచి వెళ్ళిపోయిన వాళ్ళల్లో ఆమె ఒకతె. మొగుడు ఆ నడకలోనే జ్వరంతో పోయాడు. భద్రాచలం పక్క మిరప తోటల్లో కూలి చేసింది. పిల్లాడు మెకానిక్ షెడ్డులో పని నేర్చుకున్నాక, సొంత నేలకు కాస్త దగ్గరగా ఉందామని కోంటా వచ్చి నా దగ్గర చేరింది. మాట తక్కువ మనిషి. ఇప్పపువ్వు రాలే రోజులు వస్తే మాత్రం చేతులు చింతపండు మీద, మనసు అడవిలో. తన చెట్టు కొమ్మ ఏ పక్కకు వంగి ఉంటుందో, పువ్వు ఎంత లావుగా ఉంటుందో చెప్తూనే ఉండేది. నాకు చిరాకొచ్చి, "ఆ చెట్టును తెచ్చి నా షెడ్డులో పాతుకో తల్లీ" అనేదాన్ని. నవ్వేది.

ఆ చెట్టు ఉన్న చోటును నడిమి ఇప్పలు అంటారు. రేగడిపాడుకూ పులిమడుగుకూ మధ్యలో, వాగు పక్కన పెద్ద ఇప్పచెట్ల తోపు. పూర్వం ఇంటికో చెట్టు చొప్పున రెండు ఊళ్ళూ పంచుకునేవి. రేగడిపాడు ఖాళీ అయ్యాక దాదాపు ఇరవై ఏళ్ళు పులిమడుగు వాళ్ళే మొత్తం ఏరుకున్నారు. వాళ్ళను మాత్రం ఏమనగలం? నిప్పు నుంచి ఆ చెట్లను కాపాడింది వాళ్ళు. ఆ పువ్వు అమ్మే పిల్లలకు బట్టలు కొన్నారు. మొన్న రోడ్డు పడి, కాస్త నెమ్మదించాక రేగడిపాడు వాళ్ళు తిరిగొచ్చి గుడిసెలు లేపుకున్నారు. వచ్చీ రాగానే అడిగింది నడిమి ఇప్పలనే. అందరికంటే ముందు వెళ్ళింది మంగి. నేను వద్దన్నాను, తిట్టాను కూడా. "నా చెట్టు కింద ఊడ్వాలె పెద్దమ్మా" అని మూట కట్టుకుని వెళ్ళిపోయింది.

అప్పటికి నాగరాజు ఈ దేశంలోనే లేడు. కిరందూల్ ఇనుప గనుల్లో డంపర్లు బాగు చేసేవాడు. మంచు మీద నడిచే గొలుసు చక్రాల బండ్లకు మెకానిక్ కావాలన్న ప్రకటన చూసి దరఖాస్తు పెట్టాడు. ఎండకు మాడిన బస్తర్ పిల్లాణ్ణి ఎవరు తీసుకుంటారులే అనుకున్నాను. తీసుకున్నారు. వెళ్ళే ముందు నా కొట్టు ముందు నిలబడి, తాను పోయే చోట ఏడాది పాటు ఉండాలని, చలికాలంలో ఓడా రాదు, విమానమూ రాదని చెప్పాడు.

"ఎవరి రాజ్యంరా అది?" అన్నాను.

"ఎవ్వరిదీ కాదు పెద్దమ్మా."

"ఎవ్వరిదీ కాని చోట నీకు జీతం ఎవరిస్తార్రా?" అన్నాను. వాడి పెళ్ళాం ఊర్మిల పక్కనే ఉండి పకపకా నవ్వింది. ఊర్మిల పులిమడుగు పిల్ల. వాడు లేని ఏడాది కోంటాలో మా వీధిలోనే ఉంది.

ఆ నవ్వు వానాకాలం దాటలేదు. వాగు పొంగి దారి తెగిపోయిన రోజుల్లో మంగి రేగడిపాడులో జ్వరంతో పోయింది. నీళ్ళు తగ్గాక ఆమె అన్న హడ్మా నడిచొచ్చి చెప్పేసరికి మట్టి చేయడం కూడా అయిపోయింది. ఆ మంచులోని వాళ్ళ స్టేషన్ నుంచి నాగరాజు ఫోన్ చేసే రోజు వచ్చింది. ఊర్మిల ఫోన్ పట్టుకుని ఏడుపు తప్ప మాట రాక నా చేతికి ఇచ్చేసింది. నేనే చెప్పాను. అంత దూరానికి మాట చేరడానికి కాస్త సమయం పడుతుంది, ఆ కాసేపట్లో నా ప్రాణం పోయింది. అవతల వాడు ఏడుస్తాడనుకున్నాను.

"రాయి?" అన్నాడు.

"నువ్వొచ్చాకే నాయనా. నీకోసం ఆపారు."

మళ్ళీ ఏమీ వినపడలేదు. లైను తెగిందో, వాడే పెట్టేశాడో నాకిప్పటికీ తెలియదు.

చలి దాటాక వచ్చాడు. తాడు కొన్నాడు. వాగు ఎగువన మంచి బండను చూసి, ట్రాక్టర్‌తో కొంత దూరం, భుజాలతో కొంత దూరం లాగి, నడిమి ఇప్పల్లో వాళ్ళమ్మ చెట్టు కింద పడుకోబెట్టాడు. మంచి రోజు చూసి నిలబెడదామనుకున్నాడు. ఆ బండ అక్కడ దిగిన సాయంత్రమే పులిమడుగు నుంచి కబురొచ్చింది. రాయి లేచిందంటే మనిషి పడతాడు అని.

కబురు పంపింది మాడ. ఊర్మిల అన్న, నాగరాజుకు బావ. చెడ్డవాడు కాదు. కిందటేడు పువ్వు రాలే కాలంలో రెండు ఊళ్ళ వాళ్ళూ ఒకే చెట్టు కిందికి బుట్టలతో వచ్చి తన్నుకుంటే, మాడ తమ్ముడి చేతికి గొడ్డలి తగిలి రెండు వేళ్ళు పోయాయి. కొట్టింది ఎవరో అందరికీ తెలుసు, ఎవరూ చెప్పరు. ఠాణాకు ఎవరూ పోలేదు. పోతే ఎవరు ఎవరి మనిషని ఆరా మొదలవుతుంది. ఆ ఆరాలు ఎట్లా ఉంటాయో రెండు ఊళ్ళకూ తెలుసు. ఈ ఏడు పువ్వు రాలకముందే రెండు వైపుల వాళ్ళూ అవే చెట్ల కింద ఎండుటాకులు ఊడ్చి కాల్చారు. కాల్చడమంటే ఈ చెట్టు మాదని చెప్పడం. ఒకే చెట్టు కింద రెండు బూడిదలు. మొదటి పువ్వు రాలే పొద్దున అందరూ విల్లంబులతో వస్తారని వారపు సంతలో బాహాటంగానే చెప్పుకుంటున్నారు.

నాగరాజు రెండు ఊళ్ళ పెద్దలనూ వాగు ఒడ్డుకు పిలిచాడు. రెండు ఊళ్ళ పువ్వూ కొనేదాన్నని నన్నూ రమ్మన్నాడు. మా ఆయన "నీకెందుకే ఈ గోల" అన్నాడు. నిజమే, నాకెందుకు? కానీ మంగి చింతపండు గింజ తీస్తూ చెప్పిన చెట్టు అది. వెళ్ళాను.

వాగుకు ఇటువైపు ఒక ఊరు, అటువైపు ఒక ఊరు. విల్లులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. మంగి అన్న హడ్మా మొదలుపెట్టాడు.

"ఏందిరా అల్లుడా, సముద్రాలు దాటి పోయొచ్చినవ్. నువ్వే చెప్పు. మీ అమ్మ చెట్టు ఎవరిది?"

"చెట్టు సంగతి తర్వాత మామా. నేను ఏడాది ఉన్న నేల సంగతి చెప్త, ఇనండి" అన్నాడు నాగరాజు. "ఆడ మా స్టేషన్ ఉన్న జాగా మాదే అంటది నార్వే అనే దేశం. ఎన్నడో వాళ్ళ ఓడలోళ్ళు వచ్చి చూసి, మాదని గీత గీసుకున్నరు. మేము పోయి అదే జాగాల ఇల్లు కట్టుకున్నం. మా పక్కనే రష్యా వాళ్ళు కట్టుకున్నరు. ఇంకో దిక్కున ఒక జాగా ఉంది, మూడు దేశాలు మాదంటే మాదంటయి."

"మరి కొట్టుకోరా?" అన్నాడు పులిమడుగు ముసలయ్య తాత.

"కొట్టుకోరు తాతా. అరవై ఏండ్ల కిందనే అందరు కూసోని ఒక మాట అనుకున్నరు. నాదన్నోడు నాదని అనుకోవచ్చు. వదులుకొమ్మని వాణ్ణి ఎవరడగరు. వాని మాట ఒప్పుకొమ్మని మనల్ని ఎవరడగరు. ఆ తగువును అట్లనే పక్కకు పెట్టిండ్రు. కానీ కొత్తగ గీత గియ్యొద్దు, ఉన్న గీత పెంచొద్దు. ఫౌజు పోయినా తుపాకి పట్టుకోని యుద్ధం పని చెయ్యొద్దు, చదువు పనే చెయ్యాలె. సంతకం పెట్టిన దేశం మనిషిని చూడనీకె పంపితే, ఎప్పుడొచ్చినా తలుపు తియ్యాలె."

అటు ఒడ్డు నుంచి మాడ నవ్వాడు. "ఆడ ఏముంది బావా? మంచు. ఏమీ పండని కాడ అందరు మంచోళ్ళే."

నాకు మాడ మాట సరైందే అనిపించింది. నాగరాజు ముఖం చూశాను, ఏం చెప్తాడా అని.

"మంచు కింద ఇనుమున్నదంటరు బావా. బొగ్గున్నదంటరు. తవ్వొద్దని తర్వాత అది గూడ రాసుకున్నరు. వచ్చేటప్పుడు గులకరాయి జేబుల ఏసుకున్నా తప్పే."

ఇనుము కోసం కొండలకు కొండలు లారీల్లో తరలిపోవడం చూసినవాళ్ళు మావాళ్ళు. ఇనుమున్నా ముట్టని చోటొకటి ఉందంటే ఎట్లా నమ్ముతారు? ముసలయ్య మాత్రం "నిజంగనేనా బిడ్డా?" అని మళ్ళీ మళ్ళీ అడిగాడు.

సాయంత్రం దాకా వాదించుకున్నారు. తిట్టుకున్నారు. ఒకసారి హడ్మా లేచి విల్లు చేతిలోకి తీసుకుంటే అటువైపు అందరూ లేచారు. నాగరాజు వాగు నీళ్ళల్లోకి దిగి మధ్యలో నిలబడితే మళ్ళీ కూర్చున్నారు. చివరికి ఒక మాటకు వచ్చారు. నడిమి ఇప్పల్లోకి విల్లు రాకూడదు, గొడ్డలి రాకూడదు. పువ్వు అందరూ కలిసి ఏరి ఇంటింటికీ సమంగా పంచుకోవాలి. ఎవరూ మాది కాదు అనక్కర్లేదు, మీది కాదు అనకూడదు. కొత్త గుర్తేదీ పెట్టకూడదు. ఎవరి కళ్ళంలో ఎంత పువ్వు ఎండుతుందో బయటి మనిషి ఎప్పుడొచ్చినా చూపించాలి. కాగితం రాద్దామా అంటే మాడ వద్దన్నాడు, కాగితం ఎవరి చేతిలో ఉంటే వాళ్ళదే అయిపోతుందని. ఆ బయటి మనిషి ఎవరని చూస్తే అందరూ నావైపే చూస్తున్నారు.

"సావుకారమ్మనే పెట్టండ్రి. ఆమె అయితే రెండూర్లనూ సమానంగ తిడతది" అన్నారెవరో. నవ్వుకున్నారు. నాకు ఒళ్ళు మండింది కానీ కాదనలేకపోయాను.

నేలను తాకి మాట ఇచ్చుకోబోతుండగా మాడ అడిగాడు.

"కొత్త గుర్తు వద్దంటివి గద బావా. మరి మీ అమ్మ రాయి?"

కబురు తెలిసిన నాటి నుంచీ నాగరాజు మంచులో కూర్చుని ఎదురుచూసింది ఆ రాయి కోసమే. అది నాకు తెలుసు, ఊర్మిలకు తెలుసు. అడిగిన మాడకూ తెలుసు.

"పడుకునే ఉంటది" అన్నాడు. "తియ్యను. నిలబెట్టను."

వంగి నేలను తాకాడు. మాడ తాకాడు. ఒకరి తర్వాత ఒకరు తాకారు. హడ్మా మాత్రం పొగాకు ఉమ్మడానికని లేచి పొదల వైపు వెళ్ళిపోయాడు. ఆయన వంగడం నేను చూడలేదు.

పువ్వు రాలే మొదటి రోజు నేను ఉండాలన్నారు. ముందురోజే వెళ్ళి రేగడిపాడులో మంగి గుడిసెలోనే నాగరాజు, ఊర్మిలలతో ఉన్నాను. తెల్లవారుతుండగా బుట్టలు తీసుకుని ముగ్గురం బయలుదేరాం. ఇప్పపువ్వు వాసన మత్తుగా ముక్కుకు తగులుతోంది. తోపులోకి అడుగుపెట్టాక ముందు నడుస్తున్న ఊర్మిల ఉన్నచోటే ఆగిపోయింది.

మంగి చెట్టు కింద రాయి నిలబడి ఉంది.

మొదలు దగ్గర కొత్త మట్టి. పక్కన హడ్మా, ఆయన వెంట రేగడిపాడు మగవాళ్ళు నలుగురైదుగురు. ఒళ్ళంతా మట్టితో ఉన్నారు. నాగరాజు బుట్ట కింద పడేసి పరుగెత్తుకు వెళ్ళి రాతిని రెండు చేతులా పట్టుకున్నాడు. "అమ్మా" అన్నాడు. ఒక్క క్షణం, ఉండనీ ఈ రాయిని, ఏమైతే అయిందనుకున్నాను.

"కొత్త పువ్వు రాలుతున్నది. నా చెల్లె రాయి లేవకుండ మనం ఎట్ల తింటంరా?" అన్నాడు హడ్మా. ఆయన గొంతులో కపటం లేదు. "నువ్వు మాట ఇచ్చినవ్, నేనియ్యలె. చెల్లెను ఆకలితోని తిప్పుమంటవా?"

అప్పుడే అటు నుంచి పులిమడుగు వాళ్ళు వచ్చారు. ఆడా మగా అంతా బుట్టలతో వచ్చారు. ఒక్కరి చేతిలోనూ విల్లు లేదు. మాడ రాయిని చూశాడు.

"బావా, నేను ఉత్త చేతుల వచ్చిన" అన్నాడు. వెనక్కి తిరిగి పరుగెత్తాడు. మగవాళ్ళంతా వాడి వెంట పరుగెత్తారు. ఆడవాళ్ళు పిల్లలను లాక్కుని చెట్ల చాటుకు వెళ్ళారు. ఎందుకు పరుగెత్తారో చెప్పనక్కర్లేదు. ఇటు హడ్మా మనుషులు కూడా ఎండుటాకుల కింద దాచిన విల్లులు బయటికి తీశారు.

నేను బయటి మనిషిని కదా, చూడడానికి వచ్చిన మనిషిని. తిట్టాలి, అడ్డం నిలబడాలి. జీవితమంతా ఈ నోటితోనే వ్యాపారం చేసినదాన్ని, ఆ పొద్దున నోట్లోంచి మాట రాలేదు. ఇంటికి వెళ్ళిపోవాలనిపించింది.

ఊర్మిల మొగుడి దగ్గరికి వెళ్ళింది.

"అత్తమ్మ రాయి నీ చేతుల మీద లేవాలె గద. ఇది నువ్వు నిలబెట్టింది కాదు" అంది.

నాగరాజు ఆమె వైపు చూశాడు. తర్వాత పులిమడుగు దారి వైపు చూశాడు. "తాడు తే" అన్నాడు.

ఊర్మిల గుడిసెకు పరుగెత్తి తెచ్చింది. నేను కొలిచి ఇచ్చిన తాడే. నాగరాజు దాన్ని రాతి మెడ చుట్టూ వేయబోతుంటే హడ్మా బాణం ఎక్కుపెట్టాడు. మేనల్లుడి వీపు మీదికే.

"తాడు ముట్టినవంటే ఇడుస్త. నా చెల్లెను పడేసే కొడుకు నాకు అల్లుడు కాదు."

నాగరాజు వెనక్కి తిరగలేదు. తాడు ముడి వేశాడు, బిగించి చూశాడు. రెండో కొస చెట్టు మొదలుకు ఒక చుట్టు తిప్పి ఊర్మిల చేతికిచ్చాడు, మెల్లగా వదలమని. మోకాళ్ళ మీద కూర్చుని కొత్త మట్టిని చేతులతో తోడడం మొదలుపెట్టాడు. హడ్మా వింటినారి చెంపకు ఆనుకుని ఉంది. మట్టి తోడుతున్న చప్పుడు, చెట్టు మీంచి పువ్వు రాలుతున్న చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. హడ్మా వేళ్ళు ఎప్పుడు జారతాయో అని నేను వాటినే చూస్తున్నాను.

పులిమడుగు మగవాళ్ళు విల్లులతో వచ్చి తోపు అంచున ఆగారు. మట్టి తోడుతున్న మనిషినీ, వాడి వీపు మీద ఎక్కుపెట్టిన బాణాన్నీ చూశారు. ఏం జరుగుతోందో వాళ్ళకు వెంటనే అర్థం కాలేదు.

రాయి కదిలింది. మొదట కొంచెం, తర్వాత ఒక్కసారిగా పక్కకు ఒరిగింది. తాడు ఊర్మిల చేతుల్లోంచి ఒరుసుకుంటూ జారింది, ఆమె కేక వేసింది. నాగరాజు తప్పుకోలేదు. కింద పడి పగలకూడదని భుజం అడ్డం పెట్టాడు. అంత బండను ఒక్క మనిషి ఆపగలడా? మోకాళ్ళు మడుచుకుపోతున్నాయి. నేను కళ్ళు మూసుకున్నాను.

తెరిచేసరికి మాడ విల్లు నేల మీద ఉంది. మాడ రాతి కింద ఉన్నాడు. ఇద్దరి భుజాల మీదా బండ, ఇద్దరి మెడ నరాలూ ఉబ్బి ఉన్నాయి. "మెల్లగ బావా, మెల్లగ" అంటున్నాడు మాడ. ఇద్దరూ అంగుళం అంగుళం దించారు. మంచం మీద జబ్బు మనిషిని పడుకోబెట్టినట్టు దాన్ని వెల్లకిలా నేల మీద పడుకోబెట్టారు. పడుకోబెట్టాక నాగరాజు దాని మీద తల ఆనించి ఏడ్చాడు. వాళ్ళమ్మ పోయిందని ఫోన్‌లో విన్న రోజు ఏడవని ఏడుపంతా అప్పుడు ఏడ్చాడు.

హడ్మా బాణం దించాడు. నేల మీద చతికిలబడి, "నా చెల్లె ఆకలితోనే ఉంటది" అని తలబాదుకున్నాడు.

మాడ చేతుల మట్టి దులుపుకుని రాయి దగ్గర నిలబడ్డాడు. మేం చూస్తుండగానే పైనుంచి రెండు మూడు పువ్వులు రాతి మీద పడ్డాయి.

"అత్త మీద పడ్డ పువ్వు ఎవరూ తియ్యొద్దు" అన్నాడు. "అది అత్తదే. ముందుగాల ఆమె తింటది. తర్వాతనే మనం."

రెండు ఊళ్ళల్లో ఎవరూ ఎదురు చెప్పలేదు. హడ్మా తలెత్తి మాడ వైపు చూశాడు. కాసేపటికి వంగి, అరచేయి నేలకు ఆనించాడు. ఈసారి నేను చూశాను.

తర్వాత అంతా సజావుగా జరిగిందని చెప్పను. పంపకాల దగ్గర రోజూ గొడవే. పులిమడుగులో ఒకామె దూలం మీద బుట్ట దాచింది. రేగడిపాడులో ఒకడు తెల్లారకముందే వచ్చి ఏరుకుపోయాడు. నేను సంతకు వెళ్ళినప్పుడల్లా చెప్పకుండా రెండు ఊళ్ళ కళ్ళాల్లోనూ దూరి, దొరికినవాళ్ళను దొరికినట్టు తిట్టాను. నోరు తిరిగి వచ్చింది లెండి. మాడ తమ్ముడి వేళ్ళు తిరిగి రావు, ఆ కోపం ఆ ఇంట్లో అట్లాగే ఉంది. చెట్లు ఎవరివో ఇప్పటికీ తేలలేదు. ఆ సీజనులో మాత్రం ఎవరికీ బాణం తగల్లేదు.

నాగరాజు ఆ ఏడు ఇప్పపువ్వు నోట పెట్టలేదు. వాళ్ళమ్మ రాయి లేచేదాకా తిననన్నాడు. ఊర్మిల బతిమాలినా వినలేదు. వానలు వెళ్ళాక మళ్ళీ మంచు బండ్ల పనికి పిలుపొస్తే వెళ్ళిపోయాడు.

ఈ ఏడు మళ్ళీ పువ్వు రాలడం మొదలైంది. నేను నడిమి ఇప్పలకు వెళ్ళాను. రాయి ఉన్నచోటే ఉంది. దాని మీద పువ్వు దట్టంగా పరుచుకుని ఉంది, పిల్లలు కూడా ముట్టలేదు. చుట్టూ రెండు ఊళ్ళ ఆడవాళ్ళూ ఏరుకుంటున్నారు, ఎవరితో ఎవరూ ఎక్కువ మాట్లాడుకోవడం లేదు. నేను కోంటా తిరిగొచ్చిన రోజున నాగరాజు ఫోన్ చేశాడు. ఊర్మిల మాట్లాడాక నాకిచ్చింది. బాగున్నావా పెద్దమ్మా అనలేదు, ఎండలెట్లా ఉన్నాయనలేదు.

"రాయి?" అన్నాడు.

కన్నతల్లి రాయి లేవలేదన్న మాట వినడానికి ఆ మంచులో ఫోన్ చెవికి ఆనించుకుని నిలబడ్డాడు.

"పడుకునే ఉంది నాయనా" అన్నాను. "మీ అమ్మ తింటోంది."

ఈసారి లైను తెగలేదు. వాడు ఊపిరి తీసుకోవడం చాలాసేపు వినపడింది.